డీయ, దేవుడు: ఒక పుట్టుక, రెండు నడకలు

(సండూరులో తెలుగు మాస్టారి వర్ధంతి సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



బళ్ళారి దగ్గరి సండూరు లాంటి ఊళ్ళో తెలుగు వ్యాకరణం చెప్పడం తేలిక పని కాదు. బజారులో కన్నడం, పక్కింట్లో ఉర్దూ, తండాల్లో లంబాడీ, 1949 దాకా ఈ సంస్థానాన్ని ఏలిన ఘోర్పడే వంశం మాట్లాడిన మరాఠీ. వీటన్నిటి నడుమ కూర్చున్న పిల్లవాడికి సరళాదేశ సంధి ఎందుకో చెప్పాలి. మాస్టారు చెప్పారు, పిల్లల చేత ఇష్టంగా చదివించారు కూడా. మాట ఎక్కడ పుట్టిందో నిఘంటువు చెబుతుంది, ఎవరిదయిందో వ్యాకరణం చెబుతుంది అన్నది ఆయన పాఠంలో ఎప్పుడూ ఉండే సంగతి. ఆయన పేరు మీద జరిగే సభలో ఆ సంగతినే ఒక దూరదేశపు మాట పట్టుకుని చూద్దామనిపించింది.

ఆ దేశం ఐర్లండ్. ఆ మాట డీయ. దేవుడు అని అర్థం.

ఐర్లండ్‌లో ఎక్కువమంది ఇప్పుడు ఇంగ్లీషే మాట్లాడతారు గాని, వాళ్ళ సొంత భాష వేరే ఉంది. దాన్ని ఐరిష్ అంటారు. 2022 జనాభా లెక్కల్లో 18 లక్షలకు పైగా జనం తమకు ఐరిష్ వచ్చని రాయించుకున్నారు. బడి బయట దాన్ని రోజూ మాట్లాడేవాళ్ళు మాత్రం సుమారు 72 వేలు. ఆ భాషలో ఇద్దరు ఎదురుపడితే మొదట అనుకునేది ‘డీయ డిట్’. అక్షరాలా ‘దేవుడు నీకు’ అని. దీవించుగాక అన్న క్రియ ఒకప్పుడు ఉండేది, వాడుకలో రాలిపోయింది. ఎదుటివాడు తిరిగి అదే మాట అనడు, ఒకటి చేర్చి ఇస్తాడు: ‘దేవుడూ మేరీ నీకు’. మొదటి మనిషి మళ్ళీ పలకదలిస్తే ఐర్లండ్‌కు క్రైస్తవం తెచ్చాడని చెప్పుకునే పాట్రిక్ పేరు కూడా కలుపుతాడు. పలకరింపుకు వడ్డీ కట్టి తిరిగిచ్చే ఈ మర్యాద నాకు చాలా ఇష్టం. ఆ మేరీ పేరులో కూడా ఒక విశేషం ఉంది. ఏసు తల్లిని ‘ముర్యె’ అంటారు. అదే పేరు ఇంట్లో ఆడపిల్లకు పెట్టాల్సివస్తే ‘మార్యె’ అని రూపం మారుస్తారు. అమ్మవారి రూపం అమ్మవారికే విడిచిపెట్టారు. మన తెలుగు కతోలికులు మరియమ్మ అని గుడిలోనూ పిలుస్తారు, గడపలోనూ పిలుస్తారు.

ఇప్పుడు పుట్టుకకు వద్దాం. భాషాశాస్త్రజ్ఞులు సంస్కృతం, లాటిన్, ఐరిష్, లిథువేనియన్ లాంటి భాషలను పోల్చి, వాటన్నిటి వెనుక ఉన్న మూలభాషలో దేవుడికి ‘దేయ్‌వోస్’ అన్న మాట ఉండేదని ఊహించి నిలబెట్టారు. వెలుగుకు, పగటి ఆకాశానికి సంబంధించిన ధాతువు నుంచి వచ్చిన మాట అది. దివి, దివ్యం, దివసం మనకు ఆ ధాతువు నుంచే వచ్చాయి. ఆ మూలం సంస్కృతంలో దేవ అయింది, లాటిన్‌లో దేవుస్, లిథువేనియన్‌లో దియెవాస్. ప్రాచీన ఐరిష్‌లో పదాల చివరి అక్షరాలు రాలిపోయాయి, అచ్చుల నడుమ ఉన్న వకారం కరిగిపోయింది. మిగిలింది డీయ. ఐరిష్ పురాణగాథల్లో డగ్‌డా అనే పాత దేవుడున్నాడు. ఆ పేరు మంచిదేవుడు అని అర్థమిచ్చే సమాసం. అందులో రెండో ముక్క ఈ డీయే, గుర్తుపట్టలేనంతగా కుదించుకుపోయింది.

పోలిక కనిపించినంత మాత్రాన చుట్టరికం కలపకూడదు. గ్రీకులో దేవుణ్ణి ‘థియోస్’ అంటారు. లాటిన్ దేవుస్‌కు ఎంత దగ్గరగా వినిపిస్తుందో చూడండి. అయినా రెండింటికీ ఏ సంబంధమూ లేదు, దాని ధాతువే వేరు. అదే గ్రీకులో దేవతల రాజు పేరు జ్యూస్. దేవుస్‌కు అంతగా పోలని ఆ పేరు మాత్రం ఈ వెలుగు ధాతువు బిడ్డే. మన వేదంలోని ద్యౌస్ దానికి తోబుట్టువు. చెవికి దగ్గరైనది పరాయిది కావడం, దూరమైనది అయినవాడు కావడం ఈ శాస్త్రంలో మాటిమాటికీ ఎదురవుతుంది.

అర్థం కూడా అంతే. ఇరాన్‌లో జరథుష్ట్రుడి మతం వచ్చాక ఈ మాట తలకిందులైంది. అక్కడ ‘దయేవ’ అంటే దయ్యం. పారసీకం ద్వారా అది ఉర్దూలోకి ‘దేవ్’ అయి వచ్చింది. ఉర్దూ కథల్లో దేవ్ అంటే కొండంత శరీరం ఉన్న భూతం. సండూరు వీధిలో ఒక ఇంట్లో అవ్వ మనవడికి దేవుడి కథ చెబుతూ ఉంటే, నాలుగిళ్ళ అవతల మరో అవ్వ మనవడికి దేవ్ కథ చెప్పి భయపెడుతూ ఉండవచ్చు. ఇద్దరి నోటా ఉన్నది ఒకే మూలం.

ఈ చుట్టరికాలు తెలిసిన తీరులో మన ప్రాంతానికీ భాగముంది, అందుకని కొంచెంసేపు ఆగుతాను.

ఐరిష్ భాష సంస్కృతానికి దూరపు చుట్టమన్న మాటను 1831లో ప్రిచర్డ్ అనే వైద్యుడు గ్రంథస్థం చేశాడు. 1838లో జర్మన్ పండితుడు ఫ్రాంజ్ బోప్ దాన్ని శాస్త్రబద్ధం చేశాడు. 1853లో త్సోయ్స్ (Zeuss) రాసిన కెల్టిక్ వ్యాకరణం ఆ శాస్త్రానికి పునాది వేసింది. ఆ వ్యాకరణానికి ఆధారం ఎక్కడ దొరికిందంటే, వెయ్యేళ్ళకు పైబడిన లాటిన్ మతగ్రంథాల ప్రతుల్లో. ఐరిష్ సన్యాసులు పాఠం అర్థం కావడానికి పంక్తుల మధ్య, అంచుల్లో తమ భాషలో చిన్న చిన్న అక్షరాలతో టీక రాసుకున్నారు. ప్రతిపదార్థం చెప్పుకోవడానికి రాసుకున్న ఆ ముక్కలే ప్రాచీన ఐరిష్‌ను మనకు దక్కించాయి.

ఆ తర్వాతి తరంలో ప్రాచీన ఐరిష్‌కు పెద్ద దిక్కు విట్లీ స్టోక్స్. డబ్లిన్‌లో పుట్టినవాడు, వృత్తికి న్యాయవాది. 1862లో మద్రాసు వచ్చాడు. తర్వాత కలకత్తా చేరి, భారత ప్రభుత్వంలో చట్టాల శాఖకు పెద్దయ్యాడు. పగలు మన చట్టాలు రాస్తూ, మిగిలిన వేళ తన దేశపు పాత భాషలోని గ్రంథాలు పరిష్కరించాడు. 908లో చనిపోయిన రాజు, మతగురువు కోర్మాక్ పేరు మీద ఉన్న పురాతన ఐరిష్ నిఘంటువు ఇంగ్లీషు అనువాదాన్ని ఆయన 1868లో అచ్చువేయించింది కలకత్తాలోనే. ఐరిష్ మాటల పుట్టుక చెప్పిన అతి పాత పుస్తకాల్లో ఒకటి ఇంగ్లీషులో బెంగాలు అచ్చుయంత్రం మీద వెలుగు చూసింది. ఆ నిఘంటువు తన మాటలకు లాటిన్‌లో, గ్రీకులో, హీబ్రూలో మూలాలు వెతుకుతుంది. గొప్ప భాషల నుంచి పుట్టిందని చూపిస్తేనే తన భాషకు గౌరవమన్న ఆలోచన ఆ వెతుకులాటలో కనిపిస్తుంది. మన దగ్గర కూడా తెలుగు మాటలన్నిటికీ సంస్కృతంలోనే మూలం చూపించాలన్న తాపత్రయం చాలాకాలం ఉండేది కదా.

ఆ ఆలోచనకు అడ్డుకట్ట వేసిన పుస్తకం 1816లో మద్రాసులో అచ్చయింది. అది ఎ.డి. క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణం. దానికి ముందు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ రాసిన ఒక వ్యాసం చేరింది. తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబమనీ, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ ఎల్లిస్ అందులో నిరూపించాడు. ఆయన వాదానికి బలం మన పండితుల తత్సమ, తద్భవ, దేశ్య విభజనే. మచిలీపట్నం మామిడి వెంకయ్య మాటలను ఆయన ఆధారంగా తీసుకున్నాడు. కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం 1856లో, నలభయ్యేళ్ళ తర్వాత వచ్చింది. ఆ కాల్డ్‌వెల్ పుట్టింది ఐర్లండ్‌లోని ఆంట్రిం ప్రాంతంలో.

వ్యాకరణం రాసిన క్యాంబెల్ తర్వాత మన బళ్ళారి కలెక్టరుగా వచ్చాడు. 1823లో ఆయన పంపిన విద్యా నివేదిక ఇప్పటికీ చరిత్రకారులు తిరగేసే పత్రం. జిల్లాలో 533 బడులున్నాయని, వాటిలో కన్నడం చెప్పేవి 235, తెలుగు చెప్పేవి 226 అని లెక్క ఇచ్చాడు. మరాఠీకి 23, పారసీకానికి 21, సంస్కృతానికి 23, తమిళానికి 4, ఇంగ్లీషుకు 1. అప్పటి బళ్ళారి జిల్లాలో అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉండేది. సండూరు సంస్థానం కాబట్టి ఆ లెక్కకు బయటిది. అయినా ఈ నేల మీద తెలుగూ కన్నడం ఎంత సరిసమానంగా నడిచాయో ఆ రెండు అంకెలు చెబుతాయి. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వెళ్ళి, బళ్ళారి మైసూరులో చేరినప్పుడు గీసిన గీత భాషల మధ్య శుభ్రంగా పడేది కాదని ఆ లెక్క తెలిసినవాళ్ళకు ముందే తెలుసు.

ఇక మన మాట. దేవుడు తత్సమం. సంస్కృత దేవ శబ్దానికి తెలుగు డు చేరింది, రామ రాముడైనట్టు. ఐరిష్ వాడికి డీయ తాతముత్తాతల ఆస్తి. మనకు దేవుడు పరాయి కుటుంబం నుంచి తెచ్చుకున్న మాట. అయినా వకారం సొంత ఇంట్లో పోయి, మన ఇంట్లో పదిలంగా ఉంది.

దేవుడు రాకముందు మనకు మాట లేదా? ఉంది, వేలుపు. ఇలవేలుపు అన్నప్పుడు ఇప్పటికీ అదే పలుకుతాం. వేల్చు అంటే అగ్నిలో ఆహుతి ఇవ్వడం, వేలిమి అంటే హోమం. వేలుపును వాటి పక్కన పెట్టి చూస్తే, ఆహుతి అందుకునేవాడు అన్న భావం తడుతుంది. ఇంగ్లీషు ‘గాడ్’కు పండితులు రెండు వ్యుత్పత్తులు చెబుతారు. ఒకదాని ప్రకారం అది ఆహుతికి సంబంధించిన సంస్కృత హుత శబ్దానికి చుట్టం, ఇంకోదాని ప్రకారం పిలుపుకు సంబంధించిన హూత శబ్దానికి. మొదటిదాని ప్రకారం గాడ్, వేలుపు ఒకే ఆలోచనలోంచి పుట్టాయి. చుట్టరికం లేని రెండు భాషలు ఒకే దారి తొక్కడం చిన్న సంగతి కాదు.

ఐరిష్ ఏం చేసిందో చూస్తే మన కథకు అద్దంలో బొమ్మలా ఉంటుంది. ఐరిష్ క్రైస్తవులు దేవుడి పేరు మాత్రం సొంతది ఉంచుకున్నారు, దేవుడి చుట్టూ ఉన్న సరంజామా చాలావరకు లాటిన్ నుంచి తెచ్చుకున్నారు. పూజారి ‘సగర్త్’ లాటిన్, పూజ ‘అఫ్రన్’ లాటిన్, దీవెన ‘బన్నఖ్త్’ లాటిన్. గుడి ‘కిల్’ కూడా లాటిన్. కిల్‌డేర్, కిల్కెన్నీ లాంటి ఊరిపేర్లలో ఉన్నది ఆ గుడే. ముద్దుకు వాళ్ళ మాట ‘పోగ్’. అది కూడా పూజలో శాంతికోసం ఇచ్చుకునే ముద్దు నుంచి వచ్చింది, లాటిన్‌లో శాంతి అనే మాట దానికి మూలం. మనం తలకిందులుగా చేశాం. దేవుణ్ణి సంస్కృతం నుంచి పిలుచుకున్నాం. గుడి మనది, మొక్కు మనది, ముడుపు, నోము, కొలుపు అన్నీ మన మాటలే. మూలవిరాట్టు పేరు బయటినుంచి వచ్చింది, గుడి చుట్టూ ఎన్నో పనులు మన మాటల్లోనే సాగాయి.

ఎరువు తెచ్చుకున్న మాటను భాష ఎలా మలుచుకుంటుందో ఒక్క ఉదాహరణ చాలు. ఏసు పునరుత్థాన పండుగను లాటిన్ ‘పాస్క’ అంటుంది. తెలుగు కతోలికులు ఇప్పటికీ పాస్క పండుగ అనే అంటారు. ఆ మాట ఐర్లండ్ చేరేనాటికి ఐరిష్‌లో పకారమే లేదు. లేని ధ్వని బదులు కకారం వేసుకున్నారు, పాస్క కాస్తా ‘కాష్క్’ అయింది. పకారం తర్వాతి శతాబ్దాల్లో వచ్చి చేరింది గాని, పండుగ పేరు మాత్రం ఆ మొదటి రూపంలోనే నిలిచిపోయింది.

ఇప్పుడు అసలు ఆనందానికి వస్తున్నాను. మాస్టారు ఉండి ఉంటే ఈ భాగానికి కుర్చీ ముందుకు జరుపుకునేవారు.

ఐరిష్ నేర్చుకునే ప్రతివాడినీ మొదట బెదరగొట్టేది మాట మొదటి అక్షరం మారిపోవడం. దేవుడు డీయ. ‘నా దేవుడు’ అంటే ‘మొ యీయ’. ‘మన దేవుడు’ అంటే ‘ఆర్ నీయ’. ఇంగ్లీషు వాడు ఇది చూసి, చివర మారాల్సిన మాట మొదట మారడమేమిటని తల పట్టుకుంటాడు. తెలుగు బడిలో చదువుకున్నవాడికి అంత కష్టం ఉండక్కర్లేదు. పూచెను, కలువలు కలిస్తే పూచెఁ గలువలు అవుతుందని మనకు చిన్నప్పుడే చెప్పారు. ముందు మాట చివర ద్రుతమనే నకారం ఉంటే, వెనక మాట మొదటి పరుషం సరళమవుతుంది. కకారం గకారమైంది. ఐరిష్‌లో స్నేహితుడు ‘కర’. ‘మన స్నేహితుడు’ అంటే ‘ఆర్ గర’. కకారం గకారమైంది. కారణం కూడా అదే: ‘మన’ అని చెప్పే ఆ ఆర్ అనే మాట చివర ఒకప్పుడు అనునాసికం ఉండేది. అది కరిగిపోతూ తన గుర్తును పక్కమాట నెత్తిన వదిలి వెళ్ళింది. మనం అరసున్న రాసి ఆ పోయిన నకారానికి ఆనవాలు ఉంచాం, తర్వాత ఆ అరసున్న కూడా వదిలేశాం. ఐరిష్ వాళ్ళు పాత అక్షరాన్నీ కొత్త అక్షరాన్నీ పక్కపక్కనే రాసి, కొత్తదాన్ని మాత్రమే పలుకుతారు. ఆ రాత చూస్తే మాట అసలు రూపం, మారిన రూపం రెండూ ఒకేసారి కంటికి కనబడతాయి.

రెండో మార్పు, నా దేవుడు అన్నప్పటిది, మన గసడదవాదేశానికి దగ్గర. అచ్చు తర్వాత వచ్చిన హల్లు మెత్తబడడం అది. తండ్రి తల్లిదండ్రుల్లో దకారంతో వస్తాడు, తమ్ముడు అన్నదమ్ముల్లో, కాయ కూరగాయల్లో మెత్తబడతాయి. ఐరిష్‌లో ‘మొ’ అచ్చుతో ముగుస్తుంది కాబట్టి డకారం యకారం దాకా మెత్తబడింది.

దీన్ని మించిన ముచ్చట ఒకటుంది. ఐరిష్‌లో ‘అతని’, ‘ఆమె’, ‘వాళ్ళ’ మూడింటికీ ఒకటే మాట, ‘అ’. మరి తేడా ఎలా తెలుస్తుంది? వెనక మాట మొదటి ధ్వనిని బట్టి. అతని దేవుడు ‘అ యీయ’. ఆమె దేవుడు ‘అ డీయ’. వాళ్ళ దేవుడు ‘అ నీయ’. ఎందుకలా అంటే సంస్కృతం వచ్చినవారెవరైనా జవాబు చెప్పగలరు. అతనికి అస్య, ఆమెకు అస్యాః, వాళ్ళకు ఏషామ్. మొదటిది అచ్చుతో ముగుస్తుంది, అందుకని డకారం మెత్తబడింది. రెండోదాని చివర విసర్గ, అంటే పాత సకారం, డకారాన్ని అలాగే కాపాడింది. మూడోదాని చివర మకారం, అది నకారాన్ని వదిలి వెళ్ళింది. ఆ మూడు సర్వనామాలకు తోబుట్టువులైన ఐరిష్ రూపాలు అరిగి అరిగి ఒక్క అకారంగా మిగిలాయి. చనిపోయిన చివరి అక్షరాలు మాత్రం పక్కమాట మొదట ఇంకా బతికే ఉన్నాయి. ఎన్నో శతాబ్దాల కింద రాలిన విసర్గ ఇవాళ ఐర్లండ్‌లోని గాల్వే పల్లెలో ఒక అవ్వ ‘ఆమె దేవుడు’ అన్నప్పుడు వినిపిస్తున్నదంటే, వ్యాకరణం ఎంత జ్ఞాపకాన్ని మోస్తుందో మీరే ఊహించండి.

ఇక బహువచనం. ఇక్కడ తెలుగు దేవుడి మీద చేసిన పని నాకు అబ్బురంగా ఉంటుంది. సంస్కృతం నుంచి వచ్చి డు చేర్చుకున్న మాటలు బహువచనంలో ఆ డు వదిలేస్తాయి. భక్తుడు భక్తులు, నాయకుడు నాయకులు, రాక్షసుడు రాక్షసులు. ఇంటి మాటలు వేరుగా నడుస్తాయి. తమ్ముడు తమ్ముళ్ళు, అల్లుడు అల్లుళ్ళు, మొగుడు మొగుళ్ళు. సంస్కృతపు దేవుడు ఏ వరసలో నిలబడాలి? భక్తుల వరసలో. కాని నిలబడింది తమ్ముళ్ళ వరసలో. దేవుళ్ళు అంటాం. దేవులు అన్న రూపం భూదేవులు లాంటి సమాసాల్లో, పుస్తకాల్లో ఉండిపోయింది. భక్తుడు ఇప్పటికీ సంస్కృతపు మర్యాదతోనే ఉన్నాడు, దేవుడు మాత్రం ఇంటి అల్లుడిలా బహువచనం చెప్పించుకుంటున్నాడు. రోజూ నోట నానిన మాటను భాష తన రక్తసంబంధంలో కలిపేసుకుంది.

ఐరిష్‌లో కూడా దేవుడు మామూలు వరసలో ఉండడు. షష్ఠిలో ‘డే’, బహువచనంలో ‘డేహె’. సూత్రాలకు లొంగని నామవాచకాలు ఆ భాషలో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఆ పట్టికలో డీయతో పాటు ఉన్నవి ఏమిటో వినండి: ఆడమనిషి, ఇల్లు, పడక, గొర్రె, నేల, పానీయం, రోజు, నెల. అన్నీ పొద్దున లేస్తే అవసరమయ్యే మాటలు. చుట్టరికం లేని రెండు భాషలు దేవుణ్ణి ఇంటి సామాను పక్కన, ఇంటి మనుషుల పక్కన పెట్టి లెక్కపెట్టాయి.

లింగం దగ్గర రెండు భాషలూ మనల్ని ఇబ్బంది పెడతాయి, ఆ ఇబ్బందిని దాచిపెట్టకూడదు. ఐరిష్‌లో దేవతను ‘బండీయ’ అంటారు, ఆడ అనే ముక్క ముందు చేర్చి. అయినా వ్యాకరణంలో ఆ మాట పుంలింగమే, డీయ పుంలింగం కాబట్టి. తెలుగులో దేవుడు వచ్చాడు, దేవత వచ్చింది. మహద్వాచకమైన దేవుడికి ఒక క్రియ, దేవతకు మాత్రం చెట్టుకూ పశువుకూ వాడే క్రియ. బహువచనంలోనే దేవతలు వచ్చారు అని ఆమె మనుషుల వరసలోకి వస్తుంది. జనం దీన్ని ఊరికే ఒప్పుకోలేదు. అమ్మవారు అని వారు చేర్చి, గౌరవ బహువచనంతో ఆ లోటు పూడ్చుకున్నారు. వ్యాకరణం ఇవ్వని గౌరవాన్ని భక్తి ఇప్పించుకుంది. మన వైపు ఊరి జాతరను దేవర అంటారు, దేవర చేస్తున్నాం అంటారు. ఆ మాట పలికేటప్పుడు ఎదుట ఉండేది చాలాసార్లు ఊరి అమ్మే.

దేవర అనగానే కన్నడ దేవరు గుర్తొస్తుంది. సండూరు పిల్లలు రెండూ వింటూ పెరుగుతారు. కన్నడం రు చేర్చి దేవుడికి మర్యాద రూపం ఇచ్చింది. తెలుగు మర్యాద చూపించాలంటే స్వామి అంటుంది, ఇక్కడి కుమారస్వామి కొండకు వెళ్ళేవాళ్ళ నోట వినిపించేది ఆ మాటే. దేవుడు అన్నప్పుడు మాత్రం ఏకవచనమే: దేవుడు చూస్తున్నాడు, దేవుడు ఇస్తాడు. గురువుగారిని మీరు అనేవాడు దేవుణ్ణి నువ్వు అంటాడు. పాత కన్నడ బైబిలులో దేవరు అనే గౌరవరూపానికి ఏకవచన క్రియ కనిపిస్తుంది. హీబ్రూ మూలంలో దేవుడి పేరు ఎలోహీమ్ కూడా రూపానికి బహువచనం, దాని క్రియ ఏకవచనం. ఒకడే అయిన దేవుడికి ఒకటికి మించిన రూపం ఇవ్వడం ఈ రెండు భాషలకూ సహజంగానే తోచింది.

విభక్తుల గురించి ఒకటి చెప్పాలి. ఇంగ్లీషులో దేవుడే కర్తగా నిలిచి తెలుసుకుంటాడు. తెలుగులో దేవుడికి తెలుసు. తెలియడం దేవుడు చేసే పని కాదు, ఆయన దగ్గరకు చేరి ఉండే సంగతి, అందుకే కి ప్రత్యయం. ఐరిష్ కూడా ఇంగ్లీషు దారిలో పోదు. ‘దాని ఎరుక దేవుడి దగ్గర ఉంది’ అంటుంది. ఇక్కడ మనం ఇంగ్లీషుకన్నా ఐరిష్‌కే దగ్గర. మనకు దేవుడెరుగు అన్న పలుకుబడి కూడా ఉంది గాని, దాని అర్థం దారి మళ్ళింది. లాభం దేవుడెరుగు, అసలైనా దక్కితే చాలు అంటాం. దేవుడి సర్వజ్ఞత మీద నమ్మకంగా మొదలైన మాట, ఆశ వదులుకున్నవాటిని పక్కన పెట్టడానికి పనికొస్తున్నది.

షష్ఠిలోనూ మన వాడుక గమనించదగ్గది. దేవుని, దేవుడి రెండూ ఉన్నాయి. క్రైస్తవ ప్రార్థనల్లో దేవుని వాక్యం అంటారు, అక్కడ దేవుడి అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇంట్లో దేవుడి గూడు, దేవుడి గది అంటాం, అక్కడ దేవుని అంటే మడి కట్టుకున్నట్టు ఉంటుంది. ఐరిష్ షష్ఠి ‘డే’కు ఇంకో చిక్కు. వారాల పేర్ల ముందు కూడా ‘డే’ వస్తుంది: సోమవారం ‘డే లూన్’. అది దేవుడి షష్ఠిలా కనిపిస్తుంది గాని కాదు, రోజు అని అర్థమిచ్చే పాత మాట. అయితే రెండూ ఆ వెలుగు ధాతువుకే చేరతాయి. విడివిడిగా పుట్టి, దారిలో ఒకే రూపంలోకి వచ్చి కలిశాయి.

చివరగా సంబోధన. ఐరిష్‌లో పిలవాలంటే ముందు ‘అ’ చేర్చి, మాట మొదలును మెత్తబరుస్తారు: ‘అ యీయ’. తెలుగు పిలుపు మాట చివరను సాగదీస్తుంది, సాగదీసిన తీరును బట్టి మనసు తెలుస్తుంది. దేవా అంటే ప్రార్థన. చర్చిలోనైనా భజనలోనైనా అదే. దేవుడా అంటే కష్టం. దేవుడోయ్ అంటే భయం.  దేవా అన్న రూపం డు లేని సంస్కృత రూపానికి దగ్గర. దేవుడా తెలుగు డుకారంతో కలిసి వచ్చింది. గుడిలో నిలబడి నిదానంగా పిలిచేటప్పుడు సంస్కృతపు రూపం, కాలికి దెబ్బ తగిలినప్పుడు తెలుగు రూపం. ఈ రెండింటిలో ఏది ముందు నోట వస్తుందో సండూరులో ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు మాట్లాడే పిల్లల దగ్గర ఎవరైనా ఓపికగా విని రాసుకోవాలని నా కోరిక. కన్నడ దేవరే, తెలుగు దేవుడా, దేవా, మూడింటిలో ఏది ఎప్పుడు పలుకుతారన్నది ఈ ఊళ్ళోనే తేలాల్సిన విషయం. మాస్టారి శిష్యుల్లో ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. ఆ పని మీలో ఒకరు చేపడితే, వచ్చే ఏడాది ఈ వేదిక మీద ఆ లెక్క వినడానికి ముందు వరసలో కూర్చుంటాను.